తలుపులు వెయ్యని లంక

అనగనగనగా, ఏడు సముద్రాలకూ ఇవతలి ఒడ్డున, మనలాగే ఎండకు చెమటలు కక్కే రాజ్యం ఒకటుండేది. పేరు కలువకొండ. దాన్ని ఏలే రాజు ధర్మకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మకరకేతుడు, పులి ఎదురొచ్చినా కన్నార్పడు. నడిపివాడు మణికేతుడు, ఎవరినీ నొప్పించడు, ఎవరికీ బరువు కాడు. చిన్నవాడు సుకేతుడు. వాడికి భయం. దేనికని అడక్కండి, అన్నిటికీ భయమే. పాలు కాలుతాయేమోనని భయం, చల్లారిపోయాయేమోనని భయం. ఒక్కచోట కుదురుగా నిలబడడు. "కాలుగాలిన పిల్లిలా ఏమిట్రా ఆ తిరగడం?" అని రాణి రోజూ కసిరేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. కిరీటం పెట్టుకోబోయేవాడు ముందుగా, తన తండ్రి పేరు తెలియని దేశం ఒకటి చూసి రావాలి. ఎక్కడుంది అలాంటి దేశం? ఓడలు నడిపే ముసలి సరంగు ఒకడు చెప్పాడు. "ఏడు సముద్రాలు దాటి ఉత్తరానికి పోతే గాలిలంక ఉంది దొరా. కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతాయి. ఎండాకాలంలో అక్కడ పొద్దు కుంకదు. అంత అందమైన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు."

పెద్దవాడు వెళ్లాడు. రాలేదు. నడిపివాడు అన్నను వెతకబోయాడు. వాడూ రాలేదు. రాణి రోజూ మూడు విస్తళ్లు వేసేది, ఒకదాంట్లోనే వడ్డించేది. సుకేతుడు అన్నం కలిపేవాడు గానీ ముద్ద దిగేది కాదు. ఒకనాడు ముద్ద విస్తట్లోనే వదిలి లేచాడు.

"అమ్మా, నేను వెళతాను."

"నువ్వా?" అంది రాణి.

వణుకుతూనే ఓడ ఎక్కాడు. మొదటి సముద్రం దాటాడు, ఓడ మునుగుతుందేమోనని భయం. రెండోది దాటాడు, గాలి ఆగిపోతుందేమోనని భయం. అలా భయపడుతూ భయపడుతూ ఏడూ దాటాడు. అప్పుడు మబ్బుల్లోంచి లంక బయటపడింది. నల్లటి కొండలు, వాటి నెత్తిన పచ్చటి గడ్డి, ఆ గడ్డి అంచునుంచి సముద్రంలోకి దూకే జలపాతాలు. గాలి ఎంత గట్టిదంటే, కొన్ని జలపాతాలు కిందికి రావాల్సింది పోయి పైకే లేచిపోతున్నాయి. చూస్తే కళ్లు తిప్పుకోలేం. సుకేతుడు కూడా కళ్లు తిప్పుకోలేకపోయాడు, కానీ గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది. ఇంత అందమైన చోట మా అన్నలకు ఏమైంది?

ఓడ దిగిన ఊరు ఎర్రరేవు. ఎర్రటి కొండచరియ కింద నాలుగు వరసల ఇళ్లు, కర్రల పందిళ్ల మీద ఆరుతున్న చేపలు. రేవులో ఒక గుంజ, గుంజకు పొడవాటి తాడు. పోలమ్మ అనే అవ్వ అక్కడ చేపలు తిరగేస్తోంది.

"అవ్వా, నాలాంటి ముఖాలవాళ్లు ఇద్దరు ఇటు వచ్చారా?"

"వచ్చినారు బాబూ. ఎల్లినారు. తాడుకి ముడెయ్యండి నాయనా అన్నాం. ఇన్నారు కాదు."

ఆ లంకలో ఒక పద్ధతి ఉంది. ఊరు దాటి వెళ్లేవాడు తన చేత్తో తాడుకు ముడి వేసి వెళ్లాలి. తిరిగొచ్చాక తనే విప్పుకోవాలి. ముడి ఉన్నంతసేపూ ఆ ఊళ్లో ఏ ఇంటి తలుపూ వెయ్యరు. అంత చలిలో, అంత గాలిలో, తలుపులు బార్లా తీసి, పొయ్యి ఎగదోసుకుంటూ కూర్చుంటారు.

"పెద్దబాబు నవ్వీసినాడు, రాజకొడుకు తాడు ముడేత్తాడా అని. రెండో బాబు దండం పెట్టి, నాకోసం మీరు చలిలో కూకోవద్దన్నాడు. మంచోడే, ఏటి లాభం? కొండల్లో పాషాణుడని మాంత్రికుడున్నాడు. ఎదురుసూసేవోళ్లు లేని మనిషిని కర్రతో తాకి రాయిని సేసేత్తాడు."

"మా అమ్మ ఎదురుచూస్తోంది కదా అవ్వా?"

"సూత్తాది నాయనా, తల్లి సూడదా? ఏడు సముద్రాల అవతలి సూపు ఈడికి ఆనదు. ఈ లంకమీద ఒకరు సూడాల."

సుకేతుడు తాడు అందుకున్నాడు. చటుక్కున ముడి వేశాడు. సరిగా పడిందో లేదోనని మళ్లీ లాగి చూశాడు.

అక్కణ్ణుంచి కొండ అంచునే నడిచి పచ్చరేవు చేరాడు. అక్కడ ఇళ్ల కప్పుల మీద కూడా గడ్డి పెరుగుతుంది. ఏది ఇల్లో ఏది కొండో తెలియదు. అక్కడా ముడి వేశాడు. ఇంకా నడిచి కడరేవు చేరాడు. అది చివరి ఊరు, దాని తర్వాత మనుషులు లేరు. అక్కడ తాడు దగ్గర గంగాలు అనే అమ్మాయి వల అల్లుతోంది.

"రెండూళ్లలో ముడేసొచ్చావంట. మళ్లీ ఇక్కడేల?" అంది.

"భయం," అన్నాడు సుకేతుడు.

గంగాలు నవ్వలేదు. తాడు చివర వాడి చేతికిచ్చి, "ఏ పోటుకొత్తావు?" అని మాత్రం అడిగింది. అక్కడ పొద్దు కుంకదు కదా, కాలాన్ని సముద్రపు పోటుతోనే చెప్పుకుంటారు.

"రెండో పోటుకి," అన్నాడు. నోరైతే అంది గానీ మనసుకు నమ్మకం లేదు.

ఊరు దాటగానే ఒడ్డున చిరిగిన వలలో, చేపల్ని వేటాడే నీటికుక్క ఒకటి చిక్కుకుని గిలగిల్లాడుతోంది. దాని పళ్లు చూస్తే సుకేతుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా కళ్లు మూసుకుని కత్తితో ఒక్కొక్క పోగూ తెంపాడు.

"కళ్లు మూసుకుని కత్తి ఆడించేవాణ్ణి నిన్నే చూశాను," అంది నీటికుక్క బయటపడి. "నా తోక దక్కింది, అదే పదివేలు. ఒక సంగతి చెబుతా విను. పాషాణుడి ప్రాణం ఒక పక్షిలో ఉంది."

మీరు చిలుక అనుకుంటున్నారు, నాకు తెలుసు. ఆ చలిలో చిలుక బతుకుతుందా చెప్పండి? అది నీటికాకి. నల్లటిది, మెడ పొడవైంది.

"అది నీళ్లలో మునిగి చేపల్ని పడుతుంది," అంది నీటికుక్క. "మునిగితే రెక్కలు తడిసి ముద్దవుతాయి. ఆరేదాకా పైకి ఎగరలేదు. రాయెక్కి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. అప్పుడే దొరకాలి. కానీ మనిషి అడుగు కదిలిందా, బుడుంగున మునిగిపోతుంది. ఇప్పటిదాకా ఎవడికీ దొరకలేదు. నేను చేపల్ని ఒడ్డుకు తరుముతాను, మిగతాది నీ పని."

ఆ పైన దారి లేదు. అడుగేస్తే మోకాలిదాకా దిగబడే నల్లటి బురద, దాటితే జారుడు బండలు. ఒక కొండమేక ఎదురైంది. "నేను కాలు పెట్టిన చోటే పెట్టు. కిందికి చూడకు," అంది. సుకేతుడు కిందికి చూశాడు. చూడొద్దంటే చూడకుండా ఉండగలడా? కింద ఎక్కడో సముద్రం తెల్లగా ఉడుకుతోంది. కళ్లు తిరిగాయి. మేక తోక పట్టుకుని పాకాడు.

"నా తోక ఊడితే ఊరుకోను," అంది మేక. అలా అంటూనే వాణ్ణి ఆవలి ఒడ్డుకు చేర్చింది.

అక్కడ, నీళ్ల అంచున, నిలువెత్తు రాళ్లు. ఎన్నో రాళ్లు. ఒక రాయి గడ్డం పైకెత్తి ఉంది. పక్క రాయి చేతులు జోడించి ఉంది. సుకేతుడు రెంటినీ పట్టుకుని, పేరుపేరునా పిలుస్తూ ఏడ్చాడు. మాంత్రికుడికి కూడా దండం పెడుతూనే రాయైపోయాడు నడిపన్న.

"మూడోవాడివి కూడా వచ్చావా?" అంటూ వచ్చాడు పాషాణుడు. బూడిదరంగు మనిషి, చేతిలో కర్ర. కర్రతో సుకేతుణ్ణి తాకాడు. ఏమీ కాలేదు. మళ్లీ తాకాడు. ఏమీ కాలేదు. పాషాణుడు దూరంగా తీరం వెంట చూశాడు. మూడు ఊళ్లలోనూ తెరిచిన తలుపుల్లోంచి పొయ్యిమంటలు మిణుకుమిణుకుమంటున్నాయి.

"ఓహో, మూడు ఊళ్లు కూర్చున్నాయా నీకోసం? ఎంతసేపు కూర్చుంటాయో చూద్దాం," అని ఎర్రరేవు వైపు తిరిగి ఊదాడు.

ఆకాశం మసకబారింది. మంచుగాలి ఊరిమీద పడింది. పోటు వచ్చింది, పోయింది. సుకేతుడు చూస్తూనే ఉన్నాడు. చలికి ఒక తలుపు మూసుకుని మంట కనిపించకుండా పోయింది, ఇంకొకటి పోయింది, చివరికి ఎర్రరేవు అంతా చీకటైంది. వాడి కాళ్లు మోకాళ్లదాకా రాయైపోయాయి.

పాషాణుడు పచ్చరేవు వైపు ఊదాడు. అక్కడా ఒక్కొక్క తలుపే మూసుకుంది. నడుందాకా రాయైంది.

కడరేవు వైపు ఊదాడు. ఒక తలుపు మూసుకుంది. మరొకటి మూసుకుంది. వెయ్యొద్దు, వెయ్యొద్దు అనుకున్నాడు సుకేతుడు. వెంటనే, పాపం ఎంత చలిగా ఉందో అనుకున్నాడు. చలి గుండెలదాకా పాకింది. చివరికి ఒక్క మంట మిగిలింది. అది రెపరెపలాడింది గానీ ఆరలేదు. రాయి చంకల దగ్గర ఆగింది.

"ఒక్కటే కదా, అదీ ఆరుతుంది," అని పాషాణుడు బండమీద తీరిగ్గా చతికిలబడ్డాడు.

అప్పుడే నీళ్లు కదిలాయి. నీటికుక్క చేపల్ని ఒడ్డుకు తరుముతోంది. వాటి వెనకాలే ఒక నల్లటి మెడ పైకి లేచింది. నీటికాకి! తినీ తినీ, తడిసి ముద్దై, ఒడ్డెక్కింది. ఏ రాయి ఎక్కుదామా అని అటూ ఇటూ చూసింది.

సుకేతుడు మెల్లగా చెయ్యి చాపి ఆపేశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు కదలకుండా ఉన్నది అదే మొదటిసారి. ముక్కుమీద మంచు పడింది, తుడుచుకోలేదు. పక్షి వాడి నడుం ఎక్కింది. అది రాయే కదా. భుజం మీదికి గెంతింది. చాచిన చేతిమీద నిలబడి, మెల్లగా, రెండు రెక్కలూ విప్పింది. గుండె చప్పుడు దానికి వినపడుతుందేమోనని సుకేతుడికి భయం. ఆ భయంతోనే రెండో చేత్తో చప్పున దాని కాళ్లు పట్టుకున్నాడు.

పాషాణుడు ఉలిక్కిపడి లేచాడు. "వదులు నాయనా. నీకేం కావాలో అడుగు."

"మా అన్నల్ని వదులు. వీళ్లందర్నీ వదులు. ముందు నువ్వు, తర్వాతే నేను."

పాషాణుడు కర్రతో నేలను కొట్టాడు. రాళ్లు కదిలాయి. మకరకేతుడి గడ్డం దిగింది. మణికేతుడి చేతులు విడిపోయాయి. సుకేతుడి కాళ్లలో నెత్తురు పాకింది.

"ఇక వదులు," అన్నాడు పాషాణుడు తియ్యగా.

ధైర్యవంతుడైతే వదిలేసేవాడే. సుకేతుడు భయస్తుడు కదా, ఓరగా చూశాడు. పాషాణుడి కర్ర వీపు వెనక మళ్లీ పైకి లేస్తోంది. వెంటనే నీటికాకి మెడ విరిచేశాడు. పాషాణుడు నిలబడ్డచోటే కూలి గులకరాళ్ల గుట్టైపోయాడు.

అన్నలతో కడరేవు చేరేసరికి గంగాలు గడపలో కూర్చుని వీపుతో తలుపును అదిమిపట్టి ఉంది. చేతివేళ్లు కొంకర్లు పోయాయి. పొయ్యిలో వల కాలుతోంది. కట్టెలు అయిపోతే, అల్లుతున్న వలనే పొయ్యిలో పెట్టింది. సుకేతుడు ఆమె వేళ్లను తన అరచేతుల్లో పెట్టుకుని వెచ్చచేశాడు.

ఎర్రరేవులో పోలమ్మ వాడి ముఖం చూడలేకపోయింది. "తలుపేసీసినాను బాబూ. మనవరాలు నీలంగా అయిపోనాది."

"నేనైనా వేసేవాణ్ణే అవ్వా," అన్నాడు సుకేతుడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క ముడీ విప్పుకున్నాడు.

ఓడదాకా సాగనంపడానికి వచ్చిన గంగాలును, ఓడ ఎక్కేముందు అడిగాడు. "నాతో వస్తావా? నాకు భయం ఎక్కువ. నీ పక్కనుంటే కొంచెం తగ్గుతోంది."

"నాకు మాత్తరం బయం లేదనుకున్నావా?" అంది గంగాలు. "బయం లేపోతే తలుపెందుకు పట్టుకుంటాను?" అని ఓడెక్కింది.

కలువకొండలో రాణి ముగ్గురి ముఖాలూ తడిమి తడిమి చూసుకుంది. సుకేతుడికీ గంగాలుకూ ఏడు రోజులు పెళ్లి చేశారు. ధర్మకేతుడు కిరీటం తెచ్చి పెద్దవాడి తల మీద పెట్టబోయాడు. మకరకేతుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రాయైనా నాకు వినపడేది నాన్నా. ఎవరైనా నా పేరు పిలుస్తారేమోనని రోజూ విన్నాను. వాడొక్కడే వచ్చి పిలిచాడు," అని కిరీటం తమ్ముడి తలమీద పెట్టాడు.

సుకేతుడు, గంగాలు చాలా కాలం చల్లగా ఏలారు. రాజైనా వాడి భయం పోలేదు. రేవునుంచి ఏ చిన్న పడవ వెళ్లినా, అది తిరిగొచ్చేదాకా మేడమీద ఇటూ అటూ తిరుగుతూనే ఉండేవాడు. రేవులో పడవవాళ్ల పెళ్లాలు తలెత్తి చూసి, "రాజుగారు తిరుగుతున్నారే," అనుకునేవాళ్లు. అనుకుని, పిల్లల్ని పక్కలో వేసుకుని, కాస్త కునుకు తీసేవాళ్లు.

కథ ఒడ్డెక్కింది, మనం పక్కలెక్కుదాం.