పేర్లు లేని డబ్బాలు

కూర్మాచలం మాస్టారిది చిత్రమైన అలవాటు. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విశాఖలో ఆయన దగ్గర ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాళ్లందరికీ ఇది అనుభవమే.

ఆ ఉదయం పాత శిష్యుడు లీలాకృష్ణ దిగాలుగా వచ్చాడు. నాలుగేళ్లు ఒళ్లు హూనం చేసుకుని, టీవీకి తగిలించే గేమ్ కన్సోల్ ఒకటి తయారుచేశాడు. దసరాకి అమ్మకానికి పెట్టాలి. తీరా చూస్తే దానిమీద ఆడుకోవడానికి ఉన్నవి తను స్వయంగా చేసిన రెండు గేములే. రెండు గేముల కోసం కన్సోల్ ఎవడు కొంటాడు? బయట గేములు చేసేవాళ్లు నలుగురు వచ్చారు, ముగ్గురు వెళ్లిపోయారు. మిగిలిన హంసిక కూడా నిన్న దణ్ణం పెట్టేసింది.

"ఇంత మంచి యంత్రం దగ్గర ఒక్కరూ ఎందుకు నిలవరు మాస్టారూ? ఎలా వాడాలో రాసిమ్మంటారు. అందులో రాయడానికేముంది! నేనైతే కళ్లు మూసుకుని చేసేస్తాను."

మాస్టారు తల పంకించారు. "ఆకలేస్తోందోయ్. కాస్త ఉప్మా చేసిపెట్టు."

వంటింట్లో కొత్త గ్యాస్ పొయ్యి తళతళలాడుతోంది. అలమరలో పాతిక స్టీలు డబ్బాలు, అన్నీ ఒకే ఎత్తు, ఒక్కదాని మీదా పేరు లేదు. ఒకటి తీస్తే పసుపు, ఇంకోటి తీస్తే ఇంగువ, మరోటి తీస్తే మేకులు! పెళ్లికాని మనిషి వంటిల్లు మరి. ఈలోగా బాణలిలో నూనె మాడి పొగలొచ్చాయి.

"రవ్వ ఎక్కడ పెట్టారండీ బాబూ!" అని అరిచాడు లీలాకృష్ణ.

"అందులో చెప్పడానికేముంది? నేనైతే కళ్లు మూసుకుని తీసేస్తాను," అన్నారు మాస్టారు, పేపర్లోంచి తలెత్తకుండా.

గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. పొయ్యి కట్టేసి హంసికకి ఫోన్ చేశాడు.

"తప్పు నాదేనండీ. రేపు ఒక్కసారి రండి. మీ పక్కనే కూర్చుని అన్నీ రాసిస్తాను."

"పొద్దున్నే వస్తాను. కాఫీ మాత్రం మీదే," అంది హంసిక.

లీలాకృష్ణ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. కాగితం ముక్కలు చింపి, డబ్బా తర్వాత డబ్బా తెరిచి, అన్నిటికీ పేర్లు రాసి అంటించాడు. రవ్వ పంతొమ్మిదో దాంట్లో దొరికింది. ఉప్మా ఘుమఘుమలాడింది. మాస్టారు రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

"ఈ పొయ్యి కొని ఆర్నెల్లయింది," అన్నారు ప్లేటు తుడిచేస్తూ. "ఇన్నాళ్లూ దీనిమీద నా వంట నేనే తింటున్నానోయ్."