కోరీకి తోడు

అనంతశయనం మాస్టారిని ప్రశ్న అడగాలంటే చేతిలో కాస్త తీరిక ఉండాలని కాకినాడలో ఆయన శిష్యులు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆదివారం ఉదయం గీత చెప్పడం ముగిశాక ఎవరైనా సందేహం బయటపెడితే ఆయన జవాబు చెప్పరు, పని అప్పజెబుతారు. కోపం తగ్గే దారి అడిగిన ఓ కాంట్రాక్టరు గారు నెల రోజులు ఆయన వసారాలో కూర్చుని చిక్కుపడ్డ నూలు విప్పారు. ఆయనకు జవాబు దొరికిందో లేదో తెలియదు గానీ, మళ్ళీ ప్రశ్న మాత్రం అడగలేదు.

అలాంటి మనిషి ముందు భ్రమరాంబ నోరు విప్పిందంటే వేరే దారి లేకనే. భర్త అక్కగారు విశాలాక్షి ఇరవై రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. భ్రమరాంబ ఆఫీసుకు వెళ్తే ఇల్లు నడిపింది, పిల్లల్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఉన్నట్టుండి, పిఠాపురంలో ఆడవాళ్ళ ఆశ్రమం ఒకటుందట, నెలాఖరుకి అక్కడికి వెళ్ళిపోతానంటోంది. ఎందుకని అడిగితే "ఏం లేదమ్మా" అంటోంది. భ్రమరాంబకు నలుగురిలో తలవంపులుగా ఉంటుందన్న భయం కొంత, బెంగ అంతకు పదింతలు. వదిన లేని ఇల్లు ఆమె ఊహకే అందడం లేదు.

"ఆవిణ్ణి మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనరండీ," అంది మాస్టారితో. "ఆవిడా ఏదీ అడగదు. ఏది మిగిలితే అదే చాలంటుంది. ఇంతకన్నా మంచి మనుషులు ఎక్కడ దొరుకుతారండీ ఆవిడకి?"

మాస్టారు వసారాలో ఉన్న అక్వేరియం వైపు చూపించారు. అందులో అడుగున ఇసుక మీద బొటనవేలంత చేప ఒకటి ఒంటరిగా తిరుగుతోంది. మన కాలువల్లో దొరికే జెల్లలకు దూరపు చుట్టం, మూతికి చిన్న చిన్న మీసాలు. దుకాణాల్లో కోరీ అంటారు. దాని తోటివన్నీ వయసు మీరి ఒక్కొక్కటే పోయాయట. దీనికి తగిన తోడు నువ్వే చూసి తెచ్చిపెట్టు, మేత కూడా నువ్వే వెయ్యి అన్నారాయన. వదిన సంగతి ఎత్తనే లేదు.

భ్రమరాంబ చేపల దుకాణంలో పెళ్ళి సంబంధానికి వాకబు చేసినంత పని చేసింది. చారల బార్బులు అందంగానే ఉన్నాయి, కానీ పక్కవాటి తోకలు కొరుకుతాయని తెలిసి వద్దంది. ఇంకోటి పెద్దయ్యాక నోట్లో పట్టినదల్లా మింగుతుందని విని దాని వంక మళ్ళీ చూడలేదు. చివరికి ఎనిమిది జీబ్రా డానియోలను ఎంచుకుంది. సన్నవి, చురుకైనవి, ఎవరి జోలికీ పోనివి. కోరీకి ఏం వెయ్యాలని అడిగితే దుకాణదారు తేలిగ్గా కొట్టిపారేశాడు.

"దానికి వేరే మేత దేనికి మేడం? కింద పడిందేదో ఏరుకు తింటుంది, అడుగు కూడా శుభ్రంగా ఉంటుంది."

ఆ మాట ఆమెకు నచ్చింది. రోజూ ఆఫీసుకు వెళ్తూ మాస్టారింటి దగ్గర ఆగి, చిటికెడు మేత నీళ్ళ మీద చల్లి, వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయేది. గొడవ లేదు, తరుముకోవడం లేదు. తన ఎంపిక చూసి తనకే ముచ్చటేసింది.

మూడో ఆదివారం మాస్టారు కోరీ పొట్ట చూడమన్నారు. ఆమె వంగి చూసింది. పొట్ట లోపలికి పీక్కుపోయింది, తల ఒంటికి మించి కనిపిస్తోంది. తోక చూసింది, రెక్కలు చూసింది, మీసాలు కూడా చూసింది. అన్నీ చక్కగానే ఉన్నాయి.

"ఒక్కటీ దీన్ని ముట్టుకోలేదండీ. ఎక్కడా కొరికిన గాటు లేదు," అంది దాదాపు ఏడుపు గొంతుతో. నీళ్ళు పడలేదేమో, జబ్బేమో అని కూడా అంది.

మాస్టారు కుర్చీ తెచ్చి అక్వేరియం ముందు వేశారు. మేత డబ్బా ఆమె చేతికిచ్చారు.

"వేసి వెళ్ళిపోకు. చివరిదాకా ఉండి చూడు."

ఆమె చిటికెడు చల్లింది. డానియోలు పైకి దూసుకొచ్చి నీటి మీద ఉన్నదంతా అందుకున్నాయి. జారిన నలుసులను నడిమధ్యలో పట్టేశాయి. వాటిలో దురుసుతనం ఏమీ లేదు, ఎదురుగా కనిపించింది తిన్నాయి, అంతే. అన్నీ అయిపోయాక రాయి చాటునుంచి కోరీ వచ్చింది. వాసన తగిలిందేమో, మీసాలు ఆడిస్తూ ఇసుకను ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమింది. వెనక్కి తిరిగి మళ్ళీ తడిమింది. ఏమీ దొరక్క రాయి పక్కకు వెళ్ళి కదలకుండా ఉండిపోయింది. ఈ పదిహేను రోజులూ ఇదే జరిగిందని భ్రమరాంబకు అప్పుడు తెలిసింది.

డానియోలను దుకాణంలో తిరిగి ఇచ్చేయనా అని అడిగింది. పాపం, అవేం చేశాయన్నారు మాస్టారు. ఇంకో డబ్బా తీసి ఇచ్చారు. అందులో నీళ్ళలో వేస్తే తిన్నగా అడుక్కి దిగే గట్టి బిళ్ళలున్నాయి. ఆయన చెప్పినట్టే ఆమె ఒక మూల పైపైన మేత చల్లి, డానియోలు అటు గుమిగూడగానే రెండో మూల బిళ్ళ జారవిడిచింది. కోరీ దాన్ని పట్టుకుని వదల్లేదు. వచ్చే వారం దీని జాతివే ఓ నాలుగైదు తీసుకురా, ఇది మందలో బతికే చేప, అన్నారు మాస్టారు.

బిళ్ళ పూర్తిగా అరిగిపోయేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు. రేపటినుంచి ముందు దీని సంగతే చూస్తానండీ అంటూ తేలికపడ్డ మనసుతో సంచీ భుజానికి తగిలించుకుంది.

మాస్టారు గోడ గడియారం వైపు చూశారు.

"పన్నెండున్నర. మీ ఇంట్లో వడ్డనలు మొదలై ఉంటాయి," అన్నారు. "ఇవాళ నువ్వు తినేసి లేచిపోకమ్మా. చివరిదాకా ఉండి చూడు."