ముసలి బాంబరు రెక్కలు ఎందుకు వంచుతుంది

ఈ కథ మొదట చెప్పింది రేకుల మేస్త్రీ తవిటయ్య. తను ఎగతాళి చేసిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు. కాబట్టి నమ్మొచ్చు.

ఒకప్పుడు బాంబరు విమానాలకు ఆయుష్షు తక్కువ. ఎంత పెద్దదైనా సరే, నాలుగు వానాకాలాలు ఎగిరేసరికి రెక్క కింద పగులు పుట్టేది. వెంట్రుకంత సన్నంగా పుట్టి, ఎగిరినప్పుడల్లా జానెడు పాకేది. ఇక ఆ విమానాన్ని ముక్కలుగా కోసి తుక్కులో వేసేవాళ్లు.

సముద్రం పక్కన ఒక షెడ్డులో గున్న అనే బాంబరు ఉండేది. దాని ఎడమ రెక్కకూ పగులు పుట్టింది. షెడ్డు పెద్దసారు వచ్చి, పగులు కొసకు కాస్త అవతల సుద్దముక్కతో అడ్డగీత గీశాడు.

"ఇంకొక్కసారి ఎగిరి రా. పగులు ఈ గీత దాటిందా, కోసెయ్యడమే," అన్నాడు.

పక్కనున్న కొత్త జెట్టు నవ్వింది. "దిగులెందుకు గున్నా? నిన్ను కోస్తే పదివేల గరిటెలవుతాయి. ఊరంతా నీతోనే పప్పు వడ్డించుకుంటారు."

గున్నకు ఏడుపొచ్చింది. పగులును బతిమాలుకుంది. "అమ్మా, ఆ గీత దగ్గర కాస్త ఆగవే."

"ఆగాలనే ఉంది తాతా," అంది పగులు. "నా కొస సూదిలా ఉంది కదా. గాలి రెక్కను ఊపగానే అది ముందుకు గుచ్చుకుపోతుంది. నన్ను వెనకాల ఈడ్చుకుపోతుంది."

రెక్క కడుగుతున్న నూకాలు ఈ మాట విన్నది. వాళ్లింట్లో బట్టలుతికే ప్లాస్టిక్ టబ్బు పగిలితే, పగులు కొసన కాల్చిన మేకుతో గుండ్రంగా చిల్లు పెట్టింది. పగులు అక్కడే ఆగిపోయింది. ఆ టబ్బు ఇంకా వాడుతోంది.

"తవిటయ్యన్నా, ఈ కొసలో చిన్న చిల్లు పెట్టు," అంది.

"పగిలినదానికి చిల్లు కూడానా? ముందు నీ బుర్రకు పెట్టాలి."

"నా బుర్రకు పగులు లేదు. ఉన్నదానికి పెట్టు."

"పెట్టు మేస్త్రీ," అంది గున్న. "ఎలాగూ కోస్తారు. ఒక చిల్లు ఎక్కువైతే ఏం?"

తవిటయ్య గొణుక్కుంటూ డ్రిల్లు తీశాడు. భూతద్దం పెట్టి కొస వెతికాడు. వెంట్రుకవాసి తప్పినా లాభం లేదు. సరిగ్గా కొస మీదే పెసరగింజంత చిల్లు పెట్టి, అంచు నున్నగా అరగదీశాడు. పనిమంతుడు, ఆ మాట ఒప్పుకోవాలి.

గున్న ఎగిరింది. గాలి రెక్క పట్టుకుని ఊపింది. పగులు తన కొస కోసం తడుముకుంది. కొస లేదు. చిల్లు చుట్టూ తిరిగి చూసింది. అంతా గుండ్రమే, గుచ్చుకోవడానికి ఒక్క మూలైనా లేదు.

"హమ్మయ్య," అని కూర్చుండిపోయింది. "పుట్టాక ఇదే మొదటిసారి కూర్చోవడం."

గున్న దిగింది. పెద్దసారు రెక్క కింద దూరి చూశాడు. పగులు గీత దాటలేదు. సుద్ద తుడిచేశాడు.

గున్న నూకాలుకు దండం పెట్టాలనుకుంది. చేతులు లేవాయె. ఉన్న రెండు పొడుగాటి రెక్కలనే నేలవైపు వంచింది. "ఈ ఆయుష్షు నువ్వు పోసింది తల్లీ," అంది.

"సరేలే, కదలకు," అంది నూకాలు. "ఇంకా తోకకు సబ్బు పెట్టాలి."

అప్పటినుంచే ముసలి బాంబర్లు ఒంటినిండా చిల్లులతో, అతుకులతో హాయిగా బతుకుతున్నాయి. తాత నడిపినదాన్ని మనవడు నడుపుతున్నాడు. నేలమీద ఉన్నంతసేపూ అవి రెక్కలు వంచుకునే ఉంటాయి.

షెడ్డు బోర్డు మీద మాత్రం ఈ ఉపాయం పెద్దసారుదని రాసుంది. ఆయన గీసింది సుద్దగీత ఒక్కటే. చదువొచ్చినవాళ్లెవరైనా అటు వెళితే, ఆ పేరు కొట్టేసి నూకాలు అని రాయండి. పెద్ద అక్షరాలతో, తప్పుల్లేకుండా.