పల్చటి గ్రేవీ

మూడు ఆదివారాలుగా ప్లేట్లు సగం సగం వెనక్కి వస్తున్నాయి. ఎందుకో కృపావరానికి అర్థం కావడం లేదు.

చింతగుట్ట మీదున్న ఆ విశ్రాంతి గృహాన్ని ఎప్పుడో అమెరికా మిషనరీలు కట్టారు. వాళ్లు వెళ్లిపోయారు గాని, వాళ్ల ఆదివారం ఉదయపు టిఫిను మాత్రం గుట్ట దిగలేదు. బిస్కెట్ల మీద సాసేజ్ గ్రేవీ. బిస్కెట్లంటే టీలో ముంచుకునేవి కావు. వెన్న కలిపి ఓవెన్‌లో కాల్చిన, పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి రొట్టెలు. ప్రార్థన కూడికల కోసం గుట్టెక్కే సంఘస్థులు ప్రసంగం మర్చిపోయినా ఆ గ్రేవీని మర్చిపోరు.

దాన్ని నలభై ఏళ్లు వండినవాడు జక్కరయ్య మేస్త్రీ. కంటి ఆపరేషన్ అయ్యాక పొగ దగ్గర నిలబడొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో, ఎనిమిదేళ్లుగా తన దగ్గర పని నేర్చుకుంటున్న కృపావరం చేతికి గరిటె ఇచ్చేశాడు. ప్లేట్ల సంగతి సంఘం కమిటీ చెవిన పడింది. ఈ ఆదివారం వాళ్లే స్వయంగా వచ్చి తింటారు. వంటగది కృపావరానికి ఉంచాలో, కింద టౌనులో క్యాటరింగ్‌వాళ్లకి అప్పగించాలో ఆ పూటే తేల్చేస్తారు.

"మైదా మార్చా మేస్త్రీ. పాలు మార్చా. కైమా కొట్టే మనిషినీ మార్చా," అన్నాడు కృపావరం శనివారం ఉదయం. "నా చేతిలో లోపం లేదు. తినేవాళ్ల నోళ్లే మారిపోయినయ్."

జక్కరయ్య నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు. "వండు, చూద్దాం" అన్నాడు.

కృపావరం వండుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మిరియాలు, ఉప్పు, కాస్త వాము పట్టించిన పంది కైమాను బాణలిలో వేసి, గరిటెతో చిదుపుతూ ఎర్రగా వేయించాడు. దిగిన కొవ్వులో మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా కలిపాడు. పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఒక్క ఉండ కట్టనివ్వలేదు. గ్రేవీ చిక్కగా గరిటెను పట్టుకున్నాక పొయ్యి మీంచి దించాడు.

ఇక్కడ అతని రహస్యం ఒకటి చెప్పాలి. ఎనిమిదేళ్లలో కృపావరానికి మేస్త్రీలో కనిపించిన లోపం ఒక్కటే. ఆయన గ్రేవీ పల్చన. వంటవాళ్లు పొయ్యి పక్కనే కూర్చుని, దించింది దించినట్టే తింటారు. ప్రతి ఆదివారం బిస్కెట్టు మీంచి జారిపోయే ఆ గ్రేవీని చూసి అతను లోలోపల జాలిపడేవాడు. పెద్దాయన్ని నొప్పించడం ఇష్టంలేక నోరు మెదపలేదు. గరిటె తన చేతికొచ్చిన రోజే రెండు గుప్పెళ్ల మైదా ఎక్కువ వేసి, గురువుగారి లోపం దిద్దేశాడు. అంత మంచి శిష్యుడు.

మేస్త్రీ బాణలిలోంచి కాస్త తీసి రుచి చూశాడు. "బాగుంది."

"నే చెప్పలా?"

"రెండు ప్లేట్లు వడ్డించుకుని హాల్లోకి రా. ఇయ్యాళ మనం అక్కడ తిందాం."

ఇన్నేళ్లలో కృపావరం భోజనాల హాల్లో కూర్చుని తిన్నది లేదు. చల్లగాలి వీస్తున్న వాకిలి దాటి, చివరి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. అతను స్పూను అందుకోబోయాడు.

"ముందు ప్రార్థన చెయ్యరా" అన్నాడు మేస్త్రీ.

ప్రార్థనలో కృపావరానికి సంఘమంతటా పేరుంది. బిషప్పుగారి దగ్గర విని పట్టుకున్న పద్ధతి. ఆయనంత సేపు ఎవరివల్లా కాదు గాని, అందులో సగమైనా చేస్తాడు. కళ్లు మూసుకున్నాడు. సృష్టికర్తకి స్తోత్రాలు చెప్పాడు. వానలు అడిగాడు. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లని పేరుపేరునా తలుచుకున్నాడు. గుట్టెక్కే బస్సు బ్రేకుల్ని కూడా దేవుని చేతికి అప్పగించాడు. చివర్లో తన సంగతి అడిగాడు.

"రేపు ఈ దాసుణ్ణి సిగ్గుపడనియ్యకు తండ్రీ. ఈ వంటగది తప్ప నాకింకేం చేతగాదు. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు మేస్త్రీ.

కృపావరం కళ్లు తెరిచాడు. గ్రేవీ మీద మీగడలా తొరక కట్టింది. స్పూను గుచ్చితే అది అలాగే నిలబడింది.

జక్కరయ్య తన ప్లేటును రెండు చేతులతో ఎత్తి, నెమ్మదిగా నిలువునా పట్టుకున్నాడు. బిస్కెట్టూ కదల్లేదు, గ్రేవీ కదల్లేదు. ప్లేటు మళ్లీ బల్ల మీద పెట్టి, చివరి ముక్క దాకా తినేసి, కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

కృపావరం చెవులు ఎర్రబడ్డాయి. ఎనిమిదేళ్లు తాను జాలిపడిన గ్రేవీ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి లేచి మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

"మేస్త్రీ, ఇన్నాళ్లూ నేను మీ గురించి..."

"ఆ బాణలి నానబెట్టు. ఎండితే వదలదు" అన్నాడు జక్కరయ్య.

ఆదివారం ఉదయం కమిటీ సెక్రటరీ దేవభూషణంగారు వంటగదిలోకి తొంగిచూశారు. గరిటెలోంచి గ్రేవీ ధారగా కారుతోంది.

"ఏందయ్యా ఇది, మజ్జిగలాగా? ఇదేనా మీ గొప్ప గ్రేవీ?"

క్రితం వారమైతే కృపావరం ఇంకో గుప్పెడు మైదా అందుకునేవాడే. ఇప్పుడు వడ్డన ఆపలేదు.

"మీరు పోయి ప్రార్థన చేసుకోండయ్యా" అన్నాడు.

ఆయన మొహం ముడుచుకుని వెళ్లారు. మూలన స్టూలు మీద బఠాణీలు ఒలుస్తున్న మేస్త్రీ తలెత్తలేదు.

హాల్లో పాస్టరుగారు ప్రార్థనకి లేచారు. ఎదురుగా కమిటీ ఉంది కాబట్టి సంఘం పుట్టినప్పటి నుంచీ మొదలుపెట్టారు. కృపావరం గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరూ కళ్లు మూసుకుంటే అతనొక్కడే దగ్గరి బల్ల మీది ప్లేటునే చూస్తున్నాడు. పల్చటి గ్రేవీ బిస్కెట్టు పొరల్లోకి ఇంకుతూ, నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. అందరూ "ఆమెన్" అనేసరికి బిస్కెట్టు చుట్టూ ఒద్దికగా నిలిచింది.

ఆ రోజు ప్లేట్లు తుడిచినట్టు తిరిగొచ్చాయి. దేవభూషణంగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. వెళ్లేముందు వంటగది తాళంచెవులు కృపావరం చేతిలో పెట్టి, క్యాటరింగ్ మాటే ఎత్తకుండా మెట్లు దిగారు.

జక్కరయ్య బఠాణీల గిన్నె పక్కన పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వచ్చే ఆదివారం బిషప్పుగారొస్తున్నారు" అన్నాడు.

కృపావరం చేతులు తుడుచుకున్నాడు. పాలవాడికి పంపాల్సిన చీటీ తీసి, పది లీటర్లు కొట్టేసి పన్నెండు అని రాశాడు.