గంపలో గుమ్మడికాయలు

కొండవాలు కింద ఒక దొడ్డి. అందులో ఎగరడం రాని పెంపుడు బాతుల కుటుంబం ఒకటి. ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు అడవిబాతు సింగన్న. చిన్నప్పుడే గుంపు నుంచి తప్పిపోయి నేల మీదే పెరిగాడు పాపం, ఎగరడం నేర్చి ఇంకా నెలే అయింది. అయినా దొడ్డి మొత్తానికి ఎగిరే అల్లుడు తన అల్లుడొక్కడేనని అత్త గవరమ్మకి మహా గొప్ప.

ఆ రోజు కొండ అవతల గవరమ్మ చెల్లెలి కూతురి పెళ్లి.

"సోమన్న బండిలో వెళ్దామమ్మా," అంది కూతురు నీలాలు.

"ఎగిరే అల్లుడుండగా ఎద్దుబండేమిటే? గంపలో కూర్చుంటాం, పిడి పట్టుకుని తీసుకుపోతాడు. పెళ్లివారంతా తలెత్తి చూడాలి!"

సింగన్న ఒకసారి కొండ వైపు చూశాడు. కాదంటే అత్త ముందు పరువు పోతుంది. తలూపాడు.

నెమరు వేస్తున్న ఎద్దు సోమన్న అడిగాడు. "అల్లుడుగారూ, బరువుతో ఎప్పుడైనా ఎగిరారా?"

"లేదు మామా. ఒక్కణ్ణే అయితే చాలాసార్లు ఎగిరాను."

"కొండ దగ్గర గాలి ఎదురు తిరిగితే?"

"వెనక్కి వచ్చేస్తాను."

"శుభమా అని బయల్దేరి వెనక్కి రావడమా? అపశకునం!" అని కసిరింది గవరమ్మ.

ఈవిడతో వాదించి లాభం లేదనుకున్నాడు సోమన్న. గొంతులో తేనె కలిపాడు. "నిజమే వదినా. అయితే అల్లుడి గొప్ప దొడ్డివాళ్లం కూడా కళ్లారా చూడొద్దూ? ముందు గంపలో గుమ్మడికాయలు పెట్టి ఒక చుట్టు తిప్పమనండి. ఎవరి బరువుకి తగ్గ కాయ వాళ్లే ఏరండి."

గవరమ్మ మురిసిపోయింది. తనకోసం ఒక నాజూకు కాయ ఏరుకుంది. సోమన్న దాని బదులు ఒక పెద్దకాయను మూతితో గంప వైపు దొర్లించాడు. నీలాలు నవ్వాపుకుంది. ఆమె చిన్నారి కూతురు బుల్లి, పిడికెడంత పిందె తెచ్చి గంపలో వేసింది.

సింగన్న కాళ్లతో పిడి పట్టుకుని లేచాడు. కొండవాలు చేరేసరికి గాలి రివ్వున కొట్టింది. తిరిగిపోదామనుకున్నాడు. ఇంతలో కింది నుంచి గవరమ్మ కేక వినిపించింది. "అదిగో మా అల్లుడు!"

సింగన్న తిరగలేదు.

ఇంకో విసురుకి గంప ఒరిగింది. కాయలన్నీ దొడ్డి పక్క బండరాతి మీద పడి పగిలాయి. సింగన్న ఖాళీ గంపతో దిగాడు.

అంతా పరుగెత్తారు. బుల్లి చితికిపోయిన పిందె ముందు ఆగింది.

"అమ్మమ్మా, ఇది నేనేనా?"

గవరమ్మ పిల్లను రెక్క కిందికి లాక్కుంది.

"గాలి సంగతి నాకు ముందే తెలిసింది అత్తయ్యగారూ," అన్నాడు సింగన్న ఏడుస్తూ. "మీరు చూస్తున్నారని తిరగలేదు."

"తప్పు నాది నాయనా. నా గొప్పకి పిల్లల్ని గంపలో పెట్టబోయాను." రెక్కతో అతని కళ్లు తుడిచింది. "సోమన్నా, బండి కట్టించుకో."

వాళ్లు వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది, రెండో బంతి వడ్డిస్తున్నారు.

"ఎగిరే అల్లుడుండి ఇంత ఆలస్యమా?" అని నవ్వింది చెల్లెలు.

గవరమ్మ బుల్లిని ఒళ్లో సర్దుకుని, "మా అల్లుడు ఇప్పుడు వెనక్కి తిరగడం నేర్చుకుంటున్నాడే. అది వచ్చాకే ఎక్కుతాం," అంది, పెళ్లివారందరికీ వినపడేలా.

ఇంటివాళ్లను ఎక్కించుకున్నవాడు చూడాల్సింది వాళ్ల ముఖాలు కాదు, ఎదురొచ్చే గాలి.