పేరయ్య తాళంచెవి

శశిధర్‌కి కావలసింది ఒక్క తాళంచెవి. దానికోసమే మూడేళ్ళుగా మా మఠంలో పడి ఉన్నాడు.

మఠమంటే గోపురాలూ మండపాలూ ఊహించుకోకండి. కనిగిరి దాటాక రోడ్డుకి కాస్త లోపలగా ఒక పెంకుటిల్లు, ముందు పంచ, వెనక నా వంటిల్లు. చెన్నయ్య తాత ఆ పంచలో కూర్చుని తంబుర మీటుకుంటూ తత్వాలు పాడతాడు. బేస్తవారం బేస్తవారం చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు, ఆయనతో గొంతు కలుపుతారు, నేను వండింది తింటారు, పోతారు. అంతే మా మఠం.

తాత ఎవరికైనా ఉపదేశం ఇస్తే చెవిలో చెప్పేది చెప్పి, చేతిలో ఒక తాళంచెవి పెడతాడు. ఈ ఇంటి తలుపుదే. తాత వాళ్ళ గురువు నాటి ఆనవాయితీ. ఆ మనిషి ఏ వేళప్పుడొచ్చినా, తాత ఊళ్ళో లేకపోయినా, తలుపు తీసుకుని లోపల కూర్చోవచ్చు. తాళం ఒక్కటే. తాళంచెవులు ఏయే ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికెరుక. మనిషి పోయినా దాన్ని ఎవరూ వెనక్కి అడగరు. ఆ ఇంట్లో గోడమేకుకి వేలాడుతూ ఉంటది.

శశిధర్ హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం మానేసి వచ్చినవాడు. అక్కడ నీ పనేంటని వచ్చిన కొత్తలో అడిగాను. కంపెనీ ఫైళ్ళలో ఏది ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో చూసుకోవడమేనట.

"బీరువాల్లో పెట్టి తాళాలేస్తావా?"

"బీరువాల్లో కాదక్కా, క్లౌడ్‌లో ఉంటాయి."

"మబ్బులోనా? వానొస్తే తడవవూ?"

నవ్వాడు. మంచి పిల్లాడే. కాకపోతే కుదురు తక్కువ. వచ్చిన నెలలోనే బేస్తవారం తత్వాలన్నీ రికార్డు చేసి, ఆ క్లౌడ్‌లో దాచడం మొదలుపెట్టాడు. మఠానికి వచ్చేవాళ్ళ ఫోన్లన్నిటిలో మా తలుపు బొమ్మ ఒకటి పెట్టాడు. దాన్ని నొక్కితే పాటలొస్తాయి. ఎవరు వినొచ్చు, ఎవరు తమ ఫోనులోకి దింపుకోవచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నదంతా వాడి చేతిలోనే. అన్నిటికీ కలిపి యజమాని అని వాడి పేరే ఉంటదట. అందులో వాడికి తెరుచుకోని గది లేదు.

తెరుచుకోనిది మా తలుపొక్కటే. మేం లోపలుంటే లోపలికొస్తాడు, బయటికి పోతే వాడూ బయటే.

పొద్దున పంచ ఊడ్చేటప్పుడు వాడు ఆ తాళం దగ్గర ఆగేవాడు. చీపురు చంకలో పెట్టుకుని, తాళంచెవి దూర్చే కంత మీద వేలు పెట్టి నిలబడేవాడు. నేను వంటింట్లోంచి చూసి గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. చూస్తే ప్రాణం ఉసూరుమనేది మరి.

"తాతా, నాకెప్పుడు?" అని నోరు తెరిచి అడిగేవాడు.

"చూద్దాంలేరా" అనేవాడు తాత. ఆ పూట వాడు అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఇలా ఉండగా ఎవడో పుణ్యాత్ముడు తాత పాడిన తత్వం ఒకటి దింపుకుని, దానికి డీజే మోత కలిపి పెళ్ళి ఊరేగింపులో వేశాడు. తాత విని, "బాగా ఎగిరారంటనా?" అని అడిగి ఊరుకున్నాడు. మఠం పెద్దలు ఊరుకోలా. శశిధర్ మీద విరుచుకుపడ్డారు. వాడు నాలుగు రోజులు తల ఎత్తకుండా కూర్చుని అంతా కట్టుదిట్టం చేశాడు.

"ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి తాతా. అవసరం తీరాక తీసెయ్యాలి. మా కంపెనీలో నేర్పే మొదటి పాఠం ఇదే."

"ఎవరెవర్ని తీశావేంది?"

"ఏడాదిగా ఒక్కసారీ తెరవనివాళ్ళని. చనిపోయినవాళ్ళని."

"చనిపోయినోళ్ళు ఏం చేస్తార్రా పాపం?"

"ఏం చెయ్యరు. అందుకే తీశాను." అని, అదే ఊపులో తలుపు వైపు చూపించాడు. "ఈ తాళం కూడా మార్చేద్దాం తాతా. పోయినవాళ్ళ ఇళ్ళలో కూడా తాళంచెవులుంటే ఎట్లా? కొత్త తాళం వేసి, ఇప్పుడు వచ్చేవాళ్ళకే ఇద్దాం."

"ఉండనీలేరా" అన్నాడు తాత.

వాడి మాట సబబు కాదని నేననను. పక్కింట్లో మొన్ననే గ్యాసు బండ ఎత్తుకుపోయారు.

ఆ తర్వాత వచ్చిన బేస్తవారం, పాటలు ఇంకా మొదలుకాకముందు, మాలకొండమ్మ వచ్చింది. పేరయ్య భార్య. పేరయ్య అంటే తాత పక్కన కూర్చుని డోలక్ వాయించినాయన. తాత పాడిన చరణాన్ని అందుకుని పైకి లేపే గొంతు ఆయనది. పోయి ఏడాదైంది. ఆయన పోయాక ఆమె ఈ గడప తొక్కలేదు. వెలిగండ్ల నుంచి బస్సులో ఒక్కతే వచ్చినట్టుంది, మొహం పీక్కుపోయి ఉంది.

ఎవరినీ పలకరించలేదు. నేరుగా తాత ముందుకి పోయి పేరయ్య ఫోను కింద పెట్టింది.

"చూడు తాతా. తలుపు బొమ్మ నొక్కితే ఆయనకి అనుమతి లేదంటంది."

శశిధర్ వంగి చూశాడు. వాడి మొహంలో రంగు పోయింది. 'ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదు' అని ఉంది అందులో. పైన పేరయ్య పేరు.

"మా ఎదురింటోళ్ళ చేత కూడా చదివించా. అదే చదివారు." మాలకొండమ్మ కొంగు ముడి విప్పింది. పసుపు దారం కట్టిన తాళంచెవి తీసి ఫోను పక్కన పెట్టింది. "ఇది కూడా ఆయనదే. ఆయనకి రాకడ లేదన్నాక ఇది మా గోడకెందుకు?"

"అమ్మా, అది అట్లా కాదు, అది సెట్టింగులో..." అని శశిధర్ ఏదో అనబోయాడు.

"నిన్ను అనేదేముంది నాయనా. లేనాయన గదా" అంది ఆమె. ఫోను తీసుకుంది, తాళంచెవి తీసుకోలేదు. తాతకి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగి నడిచింది. కూర్చోలేదు, మంచినీళ్ళయినా తాగలేదు. నేను "వదినా" అని కేకేస్తే తిరిగి చూడలేదు.

తాత తంబుర గోడకి ఆనించి, తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. శశిధర్‌ని దగ్గరికి పిలిచాడు. వాడి అరచెయ్యి విప్పి అందులో పెట్టాడు.

"అడుగుతుంటివి గదా. ఇదిగో, ఒకటి ఖాళీ అయింది."

మూడేళ్ళ నుంచి ఆ పిల్లాడు ఎదురుచూసింది దానికోసం. చేతిలో పడింది. వాడు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పేరయ్య వేళ్ళు పట్టీ పట్టీ అరిగి నున్నబడిన తాళంచెవి అది. దానికి కట్టిన దారం మాత్రం కొత్తది. దాని పసుపు వాడి చేతికంటుకుంది.

"తాతా, ఇది నాకొద్దు."

"నాదేముందిరా. అన్నిటికీ యజమానివి నువ్వే గదా" అని తాత మళ్ళీ తంబుర అందుకుని శ్రుతి చూసుకున్నాడు.

శశిధర్ లోపలికి పోయి కంప్యూటర్ ముందు నిలబడే ఏదో టకటకా కొట్టాడు. ఆ వెంటనే చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదకి పరిగెత్తాడు.

"ఆదెమ్మా" అన్నాడు తాత నాతో. "ఆ బిడ్డ నీళ్ళు కూడా తాగలా. చెంబు తీసుకుని నువ్వూ పో."

నేను పోయేసరికి మాలకొండమ్మ బస్సు షెల్టర్లో అరుగు మీద కూర్చుని ఉంది. శశిధర్ కింద, మట్టిలో చతికిలబడి ఉన్నాడు. తాళంచెవి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"మళ్ళీ పెట్టానమ్మా. తీసింది నేనే. తాత కాదు."

"తాతకి తెలవదా?"

"ఎవరెవర్ని తీశానో పేర్లు చెప్పలేదమ్మా."

ఆమె కాసేపు వాడి మొహమే చూసింది. "అయితే ఆయన్ని వెళ్ళగొట్టలా."

"లేదమ్మా. ఏడాదిలో ఒక్కసారి కూడా ఎవరూ తెరవలేదని..."

"రోజూ ఛార్జింగు పెడతన్నా గదయ్యా."

"వినలేదు కదమ్మా?"

"ఎట్లా వింటా?" అంది మాలకొండమ్మ. "వింటే అయిపోద్ది. కుండలో ఆఖరి గింజలు ఉంచుకున్నట్టు ఉంచుకున్నా. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చులే అనుకుంటే రోజు గడిచేది. మొన్న సంవత్సరీకం పెట్టాం. చుట్టాలంతా పోయినాక ఇల్లు చూస్తే నా వల్ల కాలేదు. పోనీ ఒక్కసారి విందామని నొక్కా."

శశిధర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

ఆమె ఫోను తీసి తలుపు బొమ్మ మీద వేలు ఉంచింది. నొక్కలేదు. నా వైపు చూసింది. "నువ్వు కూడా ఇట్లా రా ఆదెమ్మా" అంటే పోయి పక్కన కూర్చున్నాను. అప్పుడు నొక్కింది.

ముందు తంబుర. తర్వాత తాత గొంతు. ఆ వెనకే డోలక్. చరణం చివర పేరయ్య అందుకున్నాడు. రెండు చరణాలు పాడి దగ్గాడు. డోలక్ ఆగింది. మళ్ళీ దగ్గి, పక్కకి తిరిగి అన్నట్టున్నాడు, చిన్నగా వినపడింది.

"మాలకొండా, కాసిని మంచినీళ్ళియ్యి."

మాలకొండమ్మ చటుక్కున నా చేతిలో చెంబు లాక్కుని లేచింది.

లేచి ఒక అడుగు వేసింది. రోడ్డుంది ఎదురుగా. అటూ ఇటూ చూసింది. చెంబు రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అరుగు మీద ఫోనులో పాట మళ్ళీ మొదలైంది, డోలక్ కూడా. పాట రికార్డు చేసిన ఆ రోజు నీళ్ళు అందించింది ఆమే. తాగి వాయించాడు పేరయ్య.

వెలిగండ్ల బస్సు వచ్చింది. ఆగింది. కండక్టరు మమ్మల్ని చూసి రెండుసార్లు పిలిచాడు. ఎవరం కదల్లేదు. బస్సు పోయింది.

పాట అయిపోయాక చెంబులో నీళ్ళు ఆమే తాగింది, ఆగి ఆగి, మొత్తం. మూతి తుడుచుకుని, తాళంచెవి కొంగున ముడేసుకుని, "పద, తాతకి చెప్పకుండా వచ్చేశా" అంది. ఆ పూట మాతోనే తింది. మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు అడిగి మరీ వేయించుకుంది.

జనమంతా పోయాక శశిధర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తీసేసిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ పెడుతున్నాడు. నేను పంచలో బియ్యం ఏరుకుంటున్నాను. తాత వచ్చి వాడి వెనక నిలబడ్డాడు.

"మళ్ళీ ఆ డీజే వాళ్ళొస్తే?"

"వినడం వరకే ఇచ్చాను తాతా. దింపుకోవడం కుదరదు."

"ఏడాదిగా తెరవనోళ్ళకి?"

"ఇచ్చాను."

"చనిపోయినోళ్ళకెందుకురా మళ్ళీ?"

వాడి వేళ్ళు ఆగాయి. తాత వైపు తిరగలేదు.

"ఉండనీ తాతా" అన్నాడు.

తాత బయటికొచ్చి నా దగ్గర గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. చాటలోంచి ఒక వడ్లగింజ ఏరి పారేశాడు.

"ఆదెమ్మా, రేపు సంతకి పోతావా?"

"పోవాల తాతా. కూరగాయలు నిండుకున్నాయి."

"తాళాలు బాగుచేసే మస్తాన్ కనపడితే, నీ తాళంచెవి చూపించి ఒకటి కోయించుకురా."

ఎవరికని నేనడగలేదు. లోపల వాడికి వినపడిందని తెలుసు. వాడు మాత్రం తల తిప్పకుండా, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, పేర్లు పెడుతూనే ఉన్నాడు.