పిడికెడు పొద్దు

ఏరు ఇప్పుడున్న చోట కాక ఇంకాస్త పడమరగా పారే రోజుల్లో, ఆ ఒడ్డున ఒక పేట ఉండేది. పేటకొక ప్రార్థన గుడి, గుడికొక పగిలిన గంట. ఆ పేటలో రాహేలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది.

అక్కడి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు, దేవుడి పేరిట ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవారు. శనివారం రాహేలమ్మ గోనెసంచీతో ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం గుడికి చేర్చేది. దిక్కులేనివాళ్ళకు వాటినే వండిపెట్టేవారు. పిడికెడంటే ఎవరి పిడికిలి వాళ్ళది. సంఘపెద్ద తిమోతిగారింట్లో పిడికిలి పసిపిల్లాడిదంత ఉండేది. ఆయన ప్రార్థన మాత్రం పొయ్యి మీద కూర మాడేదాకా సాగేది.

రాహేలమ్మకు మోకాళ్ళ నొప్పులు. అయినా లేచేది, నడిచేది, గుమ్మంలో కూర్చునేది. మళ్ళీ లేచేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, సీమోను. రేవులో పడవ నడిపేవాడు. ఆ ఏడు జ్వరమొచ్చి అతని పెళ్ళాం పోయింది. మొదట పాట మానేశాడు. తర్వాత పడవ మానేశాడు. ఆ తర్వాత అన్నం మానేశాడు.

పేట ఊరుకుంటుందా? ముగ్గురు వచ్చారు.

మొదట తిమోతిగారు వచ్చి, ఇంత దిగులు పాపమని చెప్పి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమేన్ అనేసరికి ఆయనే సొమ్మసిల్లేట్టున్నారు. తర్వాత గుడిలో పాట ఎత్తే సుగుణమ్మ వచ్చి పాడింది. కోళ్ళు లేచిపోయాయి, సీమోను కదల్లేదు. ఆఖరికి వలలు అల్లే బర్నబా వచ్చి, లోకంలో సీమోనుకంటే కష్టాలు పడేవాళ్ళెందరో చెప్పాడు. తన పిప్పిపన్నుతో మొదలుపెట్టాడు, దాంతోనే ముగించాడు. సీమోనుకు విశ్వాసం చాలదని తేల్చి ముగ్గురూ మజ్జిగ తాగి బయటికి నడిచారు.

అప్పుడు రాహేలమ్మ లేచింది, నడిచింది, తమ్ముడి పక్కన కూర్చుంది.

"తమ్ముడూ, చచ్చిపోవాలనుందా?"

చెవి లోపలే వదిలేసి వాకిట్లో నిలబడ్డ సుగుణమ్మ గుండె బాదుకుంది. "అయ్యో రాహేలక్కా, ఆ మాట అడగొచ్చా! లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ?"

"పుట్టే ఉంది సుగుణా. ఎంత పెరిగిందో అడుగుతున్నా."

సీమోను తలెత్తాడు. చాలా రోజులకు ఎవరో తనతో మాట్లాడినట్టు చూశాడు.

"ఉందక్కా. కళ్ళు తెరిస్తే చాలు, అదే. దేవుడిక నా మొహం చూడడేమో."

"ఒక ప్రవక్త కూడా చెట్టు కింద పడుకుని, ఇక నావల్ల కాదు, తీసుకుపో ప్రభువా అన్నాడంట. దేవుడు తిట్టాడా? రొట్టె పంపాడు. తిని పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాతే. నోరు తెరువు, జావ చల్లారిపోతోంది."

రెండు గుక్కలు తాగాడు.

ఇంట్లో ప్రమాదమనిపించినవన్నీ రాహేలమ్మ మూటగట్టి పక్కింటికి చేర్చింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఒక తప్పు చేసింది. నా తమ్ముణ్ణి నేను చూసుకుంటానని తలుపు మూసింది. వంట ఆమే, కాపలా ఆమే, కన్నీళ్ళు తుడిచేదీ ఆమే. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చుని, తెలియకుండానే రెప్ప వాల్చింది.

కళ్ళు తెరిచేసరికి చాప ఖాళీ.

లేచింది. నడవలేదు, ఆ మోకాళ్ళతోనే పరిగెత్తింది. సీమోను రేవులో ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏరు నిండుగా పోతోంది.

"నిద్రలో నీ ముఖం చూశానక్కా. పీక్కుపోయింది. నేను లేకపోతే నువ్వు హాయిగా పడుకుంటావు."

ఆమె పక్కన కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"నువ్వు లేకపోతే నాకిక నిద్రన్నదే ఉండదురా. బరువే, కాదనను. ఇన్నేళ్ళూ సంచీ పట్టుకు తిరిగాను. ఏ ఒక్క ఇంటినీ సంచీ నింపమనలేదు, పిడికెడే అడిగాను. నీ దగ్గరికొచ్చేసరికి సంచీ అంతా నేనే నింపాలనుకున్నాను. ఆ తెలివితక్కువతనం నాది, నీది కాదు. పద. నాకు లేవడం రావట్లేదు, చెయ్యివ్వు."

సీమోను నీళ్ళ వైపు చూశాడు. అక్క చేతివైపు చూశాడు. చెయ్యిచ్చాడు.

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఎవరు బియ్యం కుండ తెచ్చినా రాహేలమ్మది ఒకటే మాట: "ఇవాళ బియ్యం వద్దు. పిడికెడు పొద్దు పెట్టండి. వచ్చి నా తమ్ముడి దగ్గర కూర్చోండి. వాడడిగితే ప్రార్థన, వాడడిగితే పాట." బర్నబా గుమ్మంలో ఇంకో మాట కలిపింది: "పన్ను సంగతి అసలే వద్దు."

వచ్చారు. సుగుణమ్మ పాడకుండా బియ్యంలో రాళ్ళేరింది. బర్నబా మాట్లాడకుండా వల అల్లాడు. నోరు నొప్పెట్టిందని తర్వాత చెప్పుకున్నాడు.

తిమోతిగారి వంతుకు రాహేలమ్మ, "వీణ్ణి అవతలి ఒడ్డున మిషను ఆసుపత్రి డాక్టరమ్మకు చూపిద్దాం పెద్దయ్యా. ఆవిణ్ణి అక్కడ పెట్టింది కూడా ఆ దేవుడేగా," అంది. పెద్దాయన అక్కాతమ్ముళ్ళను పడవెక్కించి, ప్రార్థన చేసి తెడ్డు పట్టారు. పడవ ఏటి నడిమధ్య గిరగిరా తిరిగింది.

సీమోను చూశాడు, చూశాడు, ఇక చూడలేకపోయాడు. "ఇటివ్వండి పెద్దయ్యా. ఇలాగైతే ప్రభువు రాకడకి గాని అవతలికి చేరం."

తెడ్డు అందుకున్నాడు. పడవ మొనలో రాహేలమ్మ అప్పుడు కళ్ళు మూసుకుంది, నిద్రపోయింది.

దిగులు ఒక్కసారే పోలేదు. పోయేది, వచ్చేది. వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ మందూ ఉండేది, ఎవరిదో ఒకరిది పిడికెడు పొద్దూ ఉండేది. అలా సీమోను తల నెరిసింది.

చాలా ఏళ్ళకు రాహేలమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది. సమాధుల తోట అవతలి ఒడ్డున. ఆమె పెట్టెను సీమోనే పడవలో దాటించాడు. పడవ ఎక్కడా తిరగలేదు. తిమోతిగారి ప్రార్థన ఆ రోజు రెండు ముక్కల్లో ముగిసింది. పేటలో జరిగిన అద్భుతాల్లో దాన్ని కూడా లెక్కవేస్తారు.

ఇప్పటికీ అక్కడి ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీసేటప్పుడు, ఈ వారం ఎవరి తలుపు మూసి ఉందో తలుచుకుంటారు. ఎవరైనా ముభావంగా కనబడితే ఒకరు వెళ్ళి చాప లాక్కుని కూర్చుంటారు. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడుగుతారు. ఉందంటే ఉలిక్కిపడరు. "సరే, పిడికెడు పొద్దు తెచ్చాను," అంటారు.

తర్వాతి మనిషి వచ్చేదాకా లేవరు. ఆ మనిషి ఆలస్యం చేస్తే, మోకాళ్ళు పట్టేశాయని తిట్టుకుంటారు. అయినా లేవరు.